దేహగంధము

మహాభారతమున సత్యవతికి వాసనను బట్టియే రెండు పేర్లు వచ్చినవి. యమునపై పడవ నడుపు నాళ్లలో ఆమె మత్స్యగంధి. పరాశరుడు వరమిచ్చిన పిదప యోజనగంధి. చేప కడుపున పుట్టి దాశరాజు ఇంట పెరిగిన పిల్ల ఒంటికి చేపల కంపు అంటియుండుట కథకునికి వింతగా తోచలేదు. ఆ కంపు పోయి యోజనము దూరమునకు పరిమళము వ్యాపించిన తరువాతనే శంతను మహారాజు ఆ తావి వచ్చిన దిక్కును వెదకికొనుచు ఏటి ఒడ్డునకు వచ్చినాడు. దాశకన్య హస్తినాపురపు రాణి అయినది.

అదే కథలో మరియొక వాసన కలదు. వంశము నిలుపుటకై సత్యవతి తన కొడుకు వ్యాసుని కోడండ్ర వద్దకు పంపబోగా, తన రూపమును, వేషమును, ఒంటి వాసనను ఆ రాచబిడ్డ సహింపగలిగిననే ఈ పని పొసగునని ఆయన తల్లితో ముందుగనే చెప్పినాడు. నూనె ఎరుగని జడలు, నారచీరలు, కందమూలముల ఆహారము, నెలల తరబడి అడవిలో తపస్సు — ఆయన వాసన పుట్టుకతో వచ్చినది కాదు, బ్రతుకు తీరు వలన వచ్చినది. తల్లి వాసన పుట్టుకకు చెందినదైనందున అది పోవుటకు వరము కావలసివచ్చినది. కొడుకు వాసన పోవుటకు తలంటి స్నానము చాలును. పదకొండవ శతాబ్దమున నన్నయభట్టు ఆదిపర్వము తెనిగించిన నాటి నుండి ఈ రెండు ఘట్టములును తెలుగువారికి పరిచితములే.

ఒంటి వాసన పుట్టుక వలననా, అలవాటు వలననా అన్న ఈ ప్రశ్నకు భారతదేశమున వైద్యులు, భిక్షువులు, గంధకారులు ఒక సమాధానమిచ్చినారు. సమాజము చాలకాలము మరియొక సమాధానముతో నడచినది. మొదటివారు వాసనకు కారణమును కంచములోను, స్నానఘట్టములోను వెదకినారు. సమాజము దానిని కులములో వెదకినది. దేహగంధపు చరిత్ర కేవలము అత్తరుల చరిత్ర కాకపోవుటకు హేతువిదే.

నేటి శరీరశాస్త్రము చెప్పు సంగతిని ఇచ్చట కొంత చెప్పవలసియున్నది. చెమట పుట్టించు గ్రంథులు రెండు రకములు. ఒళ్లంతట వ్యాపించియున్నవి స్రవించునది దాదాపు ఉప్పునీరే. వేడిమిని తగ్గించుట వాటి పని. చంకలలోను గజ్జలలోను ఉండు రెండవ రకపు గ్రంథులు యౌవనము వచ్చిన పిమ్మటనే పనిచేయును. వాటి స్రావము చిక్కన, అందులో కొవ్వును మాంసకృత్తులును ఉండును. ఆశ్చర్యమేమనగా, బయటికి వచ్చునప్పుడు ఈ స్రావమునకును వాసన లేదు. చర్మముపై నివసించు సూక్ష్మజీవులు దానిని విడగొట్టినప్పుడు కొన్ని ఆమ్లములును, గంధకముతో కూడిన కొన్ని పదార్థములును ఏర్పడును. వాసన వాటిది. కనుకనే కడుగుట, తుడుచుట, రోమములు తీయుట, బట్ట మార్చుట — ఇవి అన్నియు ఆ జీవుల బ్రతుకుతెరువును తగ్గించు పనులు.

ఆహారము త్రోవ వేరు. వెల్లుల్లి నమలినప్పుడు పుట్టు గంధకపు పదార్థములలో ఒకటి కడుపులోను కాలేయములోను నశింపక రక్తమున చేరి, ఊపిరితిత్తుల ద్వారమునను చర్మము ద్వారమునను గంటల తరబడి వెలువడుచుండును. ఎంత పుక్కిలించినను పోకపోవుటకు కారణమదియే. మెంతులలోని సుగంధద్రవ్యమును ఇట్లే దేహమంత తిరిగి, మూత్రమునకును చెమటకును మాడిన చక్కెర వాసన ఇచ్చును. మరికొన్ని వాసనలు నిజముగా పుట్టుకవే. కొందరి కాలేయమున ఒక రసాయన క్రియ జన్మతః లోపించుటచేత గ్రుడ్లు, కాలేయము, చేపలు, చిక్కుడు జాతి గింజలు తిన్నప్పుడు వారి ఊపిరి, చెమట చేపల కంపు కొట్టును. వైద్యులు 1970లో ఈ రుగ్మతను గుర్తించి వర్ణించినారు. దానిని గూర్చి వ్రాసినవారు మత్స్యగంధి కథను తలచుకొనుటయు జరిగినది. ఇక్కడ సయితము ఆహారము మారినచో వాసన చాలవరకు తగ్గును. మరియొకటి దీనికి సరిగా తారుమారు: ఒకే ఒక్క జన్యువులోని చిన్న భేదము వలన కొరియా, చైనా, జపాను దేశముల ప్రజలలో అత్యధికులకు చంకల వాసన మిక్కిలి తక్కువ, చెవిగులిమియు పొడిగా ఉండును. పాశ్చాత్యులను తొలుత చూచిన జపానీయులు వారికి వెన్న కంపు అని పేరు పెట్టినారు. ఆ మాట ఆ భాషలో నేటికిని పరదేశపు పోకడలకు పర్యాయపదముగా నిలిచియున్నది.

చరకసంహితకు సూక్ష్మజీవుల సంగతి తెలియదు. కాని వాసనను గూర్చి వైద్యుడు అడుగవలసిన మొదటి ప్రశ్న ఏదియో ఆ గ్రంథమునకు తెలిసినది. ఇంద్రియస్థానమను భాగము మరణచిహ్నములను వివరించును. అందు రెండవ అధ్యాయమునకు పుష్పితకమని పేరు. పండునకు ముందు పువ్వు వచ్చినట్లు, మృత్యువునకు ముందు దాని గుర్తు వచ్చునని ఆ అధ్యాయపు ప్రస్తావన. పూచిన అడవివలె నానావిధ పుష్పముల వాసన రాత్రింబగళ్లు ఎవని ఒంటినుండి వచ్చునో వాడు పుష్పితుడు. ఏడాది లోపల మరణించునని నిర్ణయము. స్నానము చేసినను చేయకున్నను, మంచి వాసన గాని చెడ్డ వాసన గాని కారణము లేకయే మారుచున్నవాడును అట్టివాడే. చందనము, అగరు, తేనె, పూలదండల వాసనలు ఒక వైపున, మలమూత్రముల వాసన, శవపు వాసన మరియొక వైపున ఒకే వరుసలో చెప్పబడినవి. భయము వాసన చెడ్డదగుట వలన కాదు, కారణము లేకుండుట వలన. పూత పూసికొన్నవాడు చందనపు వాసన వచ్చిన దోషము లేదు. పూయకయే వచ్చిన వైద్యుడు ఉలికిపడవలెను.

రోగి దేహపు రుచిని తెలిసికొనుటకు ఆ అధ్యాయము చెప్పు ఉపాయము మరింత చక్కనిది. వైద్యుడు రోగిని రుచి చూడలేడు గదా! కనుక ఊహించి తెలిసికొనవలెను. ఈగలు, పేలు, దోమలు ఒక దేహమును విడిచిపోయినచో దాని రసము చెడినది. స్నానము చేసి మైపూత పూసికొన్న తరువాత కూడ ఈగలు ముసురుచున్నచో ఆ దేహము మితిమీరి తియ్యనైనది. మధుమేహము ముదిరినప్పుడు రోగి ఊపిరి మగ్గిన పండ్ల వాసన కొట్టుట నేటి వైద్యులకు అపాయపు గుర్తే.

ఆహారము వలని వాసనకు భారతీయ గ్రంథములలో నిదర్శనము వెల్లుల్లి. ఒకానొకప్పుడు బుద్ధుడు పెద్ద పరిషత్తు నడుమ ధర్మము బోధించుచుండగా, వెల్లుల్లి తిన్న భిక్షువు ఒకడు తన వాసన తోటివారికి బాధ కలిగించునను సంకోచముతో దూరముగా ఒంటరిగా కూర్చుండెనని వినయపిటకములోని చుల్లవగ్గము చెప్పును. బుద్ధుడు కారణమడిగి తెలిసికొని, ధర్మశ్రవణము నుండి మనిషిని దూరము చేయు ఆ పదార్థమును భిక్షువులు తినరాదని నియమించినాడు. రోగమున తినవచ్చునని సడలించినాడు. ఈ నియమమున అపవిత్రత ప్రసక్తి లేదు, జాతి ప్రసక్తి లేదు. ఒక వాసన ఒక మనిషిని సభకు ఎడముగా కూర్చుండబెట్టినది. ఆ ఎడమును తొలగించుటకే నియమము పుట్టినది.

ఇదే వెల్లుల్లి ధర్మశాస్త్రముల చేతిలో పడినప్పుడు కథ మారినది. మనుస్మృతి అయిదవ అధ్యాయము వెల్లుల్లిని, ఉల్లిని, పుట్టగొడుగులను ద్విజులకు నిషేధించినది. తెలిసి తిన్నవాడు పతితుడన్నది. అయిదవ శతాబ్దపు ఆరంభమున మధ్యదేశమున సంచరించిన చీనా భిక్షువు ఫాహియాను, అచ్చట చండాలురు తప్ప తక్కినవారెవరును మద్యము త్రాగరనియు, ఉల్లి వెల్లుల్లి తినరనియు వ్రాసినాడు. ఆ చండాలురు ఊరి వెలుపల నివసింతురు; ఊరిలోనికి వచ్చునప్పుడు కర్రతో చప్పుడు చేసి తమ రాకను తెలుపవలెను. ఏడవ శతాబ్దమున వచ్చిన యువాన్ చ్వాంగు ఇంకొక మెట్టు పైకి పోయి, ఉల్లి వెల్లుల్లి తినువారిని ఊరి వెలుపలికి వెడలగొట్టుదురని తెలిపినాడు. ఆయనయే భారతీయులు భోజనమునకు ముందు కడుగుకొందురనియు, పుల్లలతో పండ్లు తోముకొందురనియు, చందనము, కుంకుమపువ్వు ఒంటికి పూసికొందురనియు మెచ్చుకొనుచు వర్ణించినాడు. ఆ మెప్పును ఈ వెలివేతను ఒకే కలము వ్రాసినది.

శాస్త్రము నిషేధించినను వైద్యము వెల్లుల్లిని వదలలేదు. 1890లో మధ్య ఆసియాలోని కూచా వద్ద బోవరు అను ఆంగ్ల సైనికాధికారికి దొరికిన భూర్జపత్రపు వ్రాతప్రతి లశున ప్రశంసతోనే మొదలగును. అమృతము దొంగిలించిన రాహువు తల నరకబడినప్పుడు నేలబడిన బిందువుల నుండి వెల్లుల్లి పుట్టినదనియు, అది దేహసంబంధమైనది గనుక బ్రాహ్మణులు తినరనియు అందు చెప్పబడినది. అంతటితో విడువక, బ్రాహ్మణునికి దాని గుణము దక్కు మార్గమును ఆ గ్రంథమే చూపినది. ఆవును మూడు రాత్రులు గడ్డి లేకుండ ఉంచి, పిదప వెల్లుల్లి కాడలు కలిపిన మేత పెట్టి, ఆ ఆవు పాలు, పెరుగు, నెయ్యి సేవించిన దోషము లేదట. చలికాలమున ఇండ్ల ముంగిట వెల్లుల్లి దండలు వ్రేలగట్టి చేయు పండుగ ఒకటి కూడ అందు వర్ణింపబడినది.

ఇటువంటి రాజీ వంటింట నేటికిని కనిపించును. ఉల్లి వెల్లుల్లి ముట్టని జైనుల, వైష్ణవుల, బ్రాహ్మణుల ఇండ్లలో పప్పులోను పులుసులోను ఇంగువ పడక తప్పదు. ఇంగువ వాసనయు గంధకపు పదార్థములదే. పచ్చి ఇంగువ డబ్బా మూత తీసినవారికి ఈ సంగతి శాస్త్రజ్ఞుడు చెప్పనక్కరలేదు. ఆ జిగురు వేల ఏండ్లుగా అఫ్గనిస్థాను, ఇరాను కొండల నుండి వచ్చినది. ఈ దేశపు నేలలో సాగుకై మొక్కలు నాటుట 2020లో హిమాచలప్రదేశమునందలి లాహౌలు లోయలో మొదలైనది. దూరదేశపు ద్రవ్యమునకు కులము అంటలేదు. పెరటి వెల్లుల్లికి అంటినది.

నిషేధము ఎల్లప్పుడును క్రింది వారికే అన్వయించినది కాదు. అక్బరు చక్రవర్తి తన అంతఃపురమందలి హిందూ స్త్రీల సాహచర్యము వలన గోమాంసమును, ఉల్లి వెల్లుల్లిని, గడ్డము పెంచుటను వర్జించినాడని ఆయనను ద్వేషించిన చరిత్రకారుడు బదాయూనీ ఆక్షేపించినాడు. ఆక్షేపణ అయినను ఇది గమనింపదగిన సాక్ష్యము: చక్రవర్తి కూడ తన ఊపిరిని పక్కవారి ముక్కునకు అనుగుణముగా మార్చుకొనవలసివచ్చినది.

నేటి పరిశోధన ఈ పాత తీర్పులను కొంత సమర్థించి, కొంత తలక్రిందులు చేసినది. ప్రాగు నగరమందలి చార్లెసు విశ్వవిద్యాలయము వారు 2006లో ప్రకటించిన ప్రయోగమున 17 మంది పురుషులు రెండు వారములు మాంసముతోను, మరియొకమారు రెండు వారములు మాంసము లేకయు భుజించినారు. ఒక దినమంత వారి చంకలలో ఉంచిన దూది మెత్తలను 30 మంది స్త్రీలు మూచూచి, మాంసము తిననప్పటి వాసనయే ఇంపైనదనినారు. శాకాహారులు దీనితో సంతోషింపవచ్చును. కాని అచ్చటి పరిశోధకులే పదేండ్ల తరువాత వెల్లుల్లిని పరీక్షింపగా, తగినంత వెల్లుల్లి తిన్నవారి చంకల వాసన తినని వారి వాసన కంటె ఇంపుగా ఉన్నదని స్త్రీలు చెప్పినారు. ఊపిరికి అపకీర్తి తెచ్చిన పదార్థమే చెమటకు మేలు చేసినది! చుల్లవగ్గమున ఎడముగా కూర్చున్న భిక్షువును బాధించినది నోటి వాసన కావచ్చును. ధర్మశాస్త్రములకు అంతటి సూక్ష్మభేదముతో పని లేకపోయినది.

ఇక స్నానము, అలంకరణము. వాత్స్యాయనుడు కామసూత్రములలో నాగరకుని దినచర్యను లెక్క కట్టి చెప్పినాడు. నిత్యస్నానము, దినము విడిచి దినము నలుగు, మూడవనాటికి ఒకసారి నురుగు వచ్చు ద్రవ్యముతో రుద్దుట, నాలుగవనాటికి క్షౌరము, అయిదవనాటికో పదవనాటికో మరుగుచోట్ల రోమములు తీయుట. ఆ చివర ఒక చిన్న వాక్యమున్నది: మూసియుండు చంకల చెమటను ఎల్లప్పుడును తుడుచుచుండవలెనని. రెండవ రకపు గ్రంథులు ఎచ్చటనున్నవో శరీరశాస్త్రము చూపకముందే ఆ గ్రంథకర్త ముక్కు ఆ తావును కనిపెట్టినది. రోమములు తీయు నియమము కూడ చెమట అంటుకొని నిలుచు చోటును తగ్గించునదే.

ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు గంధమునకు బృహత్సంహితలో ఒక అధ్యాయమునే కేటాయించినాడు. తల నెరసినవానికి పూలు, గంధము, ధూపము, నగలు శోభింపవని మొదట చెప్పి, అందుచేత ముందుగా జుట్టునకు రంగు వేయు విధానము నేర్పినాడు. ఇందు కొంత చమత్కారము లేకపోలేదు. పిదప తలస్నానపు నీళ్లు, తైలములు, నోటి వాసనకు పరిమళజలములలో నానవేసిన పండ్లు తోము పుల్లలు, ధూపములు వరుసగా వచ్చును. జ్యోతిష్కునిలోని గణితజ్ఞుడు అంతటితో తృప్తి పడలేదు. 16 ద్రవ్యములలో నుండి నాలుగేసి తీసికొని, వాటిని ఒకటి, రెండు, మూడు, నాలుగు పాళ్లలో కలిపిన మొత్తము 1,74,720 గంధములగునని లెక్క తేల్చినాడు. 16లో నాలుగింటిని ఎన్నుకొను విధములు 1,820 అని నేటి బడిపిల్లలును లెక్కింపగలరు. తక్కినది పాళ్లను మార్చుట వలన వచ్చును. ఏ రాజును అన్ని గంధములు కలిపించి చూచియుండడు. కాని పరిమళమనునది దేవతల వరము కాదనియు, పాళ్ల లెక్క అనియు ఆ సంఖ్య చెప్పుచున్నది.

నలుగు, నురుగు అన్నవి మాటలు కావు, సరుకులు. కుంకుడుకాయ, శీకాయ, సున్నిపిండి, నువ్వులనూనె తెలుగు ఇండ్లలో ఇటీవలి వరకును ప్రతి తలంటికిని వాడబడినవి. సాంబ్రాణి పొగలో తడి జుట్టు ఆరబెట్టుకొను అలవాటు ఇంకను మిగిలియున్నది. తల మర్దించు ఈ పనికి హిందీలో ఉన్న మాట ఆంగ్లమునకు ఎక్కి షాంపూ అయినది. పాట్నా ప్రాంతపువాడైన దీన్ మహమ్మదు 1814 ప్రాంతమున ఇంగ్లండునందలి బ్రైటను పట్టణమున ఆవిరి స్నానశాల పెట్టి, రాజుల ఒళ్లు పట్టువానిగా బిరుదు పొందినాడు.

కల్యాణి చాళుక్య రాజైన మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దపు పూర్వార్ధమున మానసోల్లాసము రచించినాడు. ఆయన ఏలుబడిలో తెలంగాణపు కొంత భాగమును ఉండెను. స్నానభోగము, తాంబూలభోగము, విలేపనభోగము, ధూపభోగము, అన్నభోగము అన్నియు ఆయన ఒకే భాగమున వర్ణించినాడు. వంటకమును మైపూతయును వేర్వేరు శాస్త్రములని ఆయన అనుకొనలేదు. మాళవమున మాండూ సుల్తాను గియాసుద్దీను కొరకు 1500 ప్రాంతమున వ్రాయబడిన నిమత్‌నామాయును అట్టిదే. సమోసాలు, షర్బతులు, తాంబూలముల నడుమనే ఒంటికి పూయు సుగంధముల పాకములున్నవి. రాజు నోట పెట్టునది, ఒంట పూయునది, గదిలో పొగ వేయునది కలిసియే అతని వాసనయని ఆ గ్రంథకర్తల ఊహ.

దేహమును లోపలి నుండి శుభ్రము చేయు ప్రయత్నమునకు విజయనగరమున ఒక సాక్షి దొరికినాడు. కృష్ణదేవరాయలను 1520 ప్రాంతమున చూచిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పాయెసు, రాయలు తెల్లవారక ముందే ముప్పావు గిన్నె నువ్వులనూనె త్రాగి, ఒంటికి అదే నూనె రాచుకొని, చేతులతో బరువులెత్తి, కత్తి సాము చేసి, త్రాగిన నూనె అంతయు చెమటగా వెడలువరకు శ్రమించునని వ్రాసినాడు. పిదప మల్లునితో కుస్తీ, గుర్రపు స్వారీ, తుదకు స్నానము. త్రాగిన నూనె చెమటగా వెడలునన్నది నేటి శాస్త్రము ఒప్పుకొనని మాటయే. కాని ఆ నమ్మకము వలన రాజు దినదినము చెమటోడ్చి కడుగుకొనినాడు, ఫలము దక్కినది.

ఈ ద్రవ్యములు ఎంత ఖరీదో రేవుల లెక్కలు చెప్పును. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున నాటించిన అభయశాసనమున సుంకము విధింపబడిన సరుకులలో గంధము, కర్పూరము, పన్నీరు, పునుగు ముందు వరుసలో నున్నవి. కొండవీటి కుమారగిరిరెడ్డికి వసంతోత్సవములలో కర్పూరము చల్లించుట వలన కర్పూర వసంతరాయడను పేరు వచ్చినది. ఆ సుగంధములను ద్వీపాంతరముల నుండి తెప్పించిన వర్తకుడు అవచి తిప్పయసెట్టికి శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చినాడు. మొగలుల నాటికి ఈ భోగము ఇంకను పెరిగినది. పన్నీటిపై తేలిన నూనెను తీసి అత్తరుగా చేయుట నూర్జహాను తల్లి కనిపెట్టినదని జహంగీరు తన స్మృతులలో వ్రాసికొనినాడు. అరచేతిలో ఒక చుక్క రుద్దిన చాలు, సభ అంతయు గులాబీ తోటయగునట. అక్బరు సలీమా బేగము దానికి జహంగీరు పేరే పెట్టినది.

నాగరకుని దినచర్యకు తిరిగి ఒకమారు లెక్క కట్టవలసియున్నది. నిత్యస్నానమునకు నీళ్లు కావలెను. నలుగునకు నూనె, పిండి, రుద్దుటకొక మనిషి. క్షౌరమునకు మంగలి. చెమట తుడుచుటకు, మార్చుటకు మడత బట్టలు. వీటికన్నిటికిని తీరిక. ఈ వరుసలో నూనె, పిండి, అత్తరు లేకున్నను దేహము శుభ్రముగానే ఉండును. నీరు లేకున్న మాత్రము ఏదియు సాగదు.

పాలి జాతకములలో శ్వేతకేతువను బ్రాహ్మణ విద్యార్థి కథ కలదు. దారిలో ఎదురైన మనిషి చండాలుడని తెలిసి, అతని ఒంటికి తగిలిన గాలి తన ఒంటికి తగులునేమోయని భయపడి, గాలి క్రిందికి తొలగిపొమ్మని అతడు గద్దించినాడు. తానే గాలి పైకి పరుగెత్తబోయినాడు. చండాలుడు అతనికంటె వేగముగా పోయి గాలి పైననే నిలిచి, ఒక ప్రశ్న అడిగి అతని గర్వమణచినాడు. ఆ విద్యార్థి ముక్కునకు ఏ వాసనయు సోకినట్లు కథలో లేదు. కులము తెలిసిన పిదపనే గాలి చెడ్డదైనది. చరకుని వైద్యుడు మొదట అడుగు నిమిత్తమన్న ప్రశ్న ఈ విద్యార్థికి తోచనేలేదు. తోళ్లు ఊనువానికి తోళ్ల వాసన, చేపలు పట్టువానికి చేపల వాసన, పాకీ పనివానికి ఆ పని వాసన అంటుట నిజము. ఆ పనిని వారికి అంటగట్టినవారే, ఆ వాసన పోగొట్టుకొను నీటిని వారికి అందకుండ చేసి, పిమ్మట వాసనను వారి పుట్టుకగా చెప్పినారు.

కొంకణమునందలి మహాడు పట్టణమున చవదారు చెరువు ఉన్నది. ఆ చెరువు నీరు పట్టణమునందలి ఇతర మతస్థులకు అడ్డు లేదు, పశువులకును అడ్డు లేదు, అస్పృశ్యులకు అడ్డు. బొంబాయి శాసనసభ 1923లో బహిరంగ జలాశయములను అందరికిని తెరువవలెనని తీర్మానించినది. మహాడు పురపాలక సంఘము మరుసటి ఏట తన చెరువును తెరచితినని తీర్మానము వ్రాసికొనినది. కాని ఒక్కరును దిగుటకు సాహసింపలేదు. 1927 మార్చి 19, 20 తేదీలలో డాక్టరు భీమరావు అంబేద్కరు అక్కడ సభ జరిపినారు. ఆ సభలో ఆయన తన వారికి చెప్పినవి నీటి హక్కు మాటలు మాత్రమే కావు. చచ్చిన పశువు మాంసము తినుట మానవలెననియు, ఒరులు పారవేసిన ఎంగిలి ఏరుకొనుట మానవలెననియు, శుభ్రముగా నుండవలెననియు గట్టిగా చెప్పినారు. కంచమును చెరువును ఆయన ఒకే సభలో ఒకే ప్రశ్నగా చూచినారు. రెండవనాడు ఊరేగింపుగా చెరువునకు పోయి దోసిలితో నీరు త్రాగినారు. వెనుకనే వేలమంది త్రాగినారు.

ఆ సాయంకాలమున సభకు వచ్చినవారిపై దాడి జరిగినది. కొలది దినములలో ఊరి సవర్ణులు చెరువును శుద్ధి చేయించినారు. ఆవుపేడ, ఆవుమూత్రము, పాలు, పెరుగు కలిపిన 108 కుండలను మంత్రములతో ఆ నీట ముంచినారు. అదే ఏడాది డిసెంబరు 25వ తేదీన మహాడులోనే జరిగిన రెండవ సభలో మనుస్మృతి ప్రతిని దహనము చేసినారు. చెరువు చౌధరుల సొంతమనియు, అస్పృశ్యులకు అందు హక్కు లేదనియు అప్పటికే దావా పడియుండెను. బొంబాయి హైకోర్టు 1937 మార్చి 17వ తేదీన ఆ దావాను కొట్టివేసినది. దోసిలితో త్రాగిన దినమునకును, త్రాగవచ్చునన్న తీర్పునకును నడుమ మూడు దినములు తక్కువగా పదేండ్లు గడచినవి.